శనివారం రాత్రి జాజ్: మాగుంట లేఅవుట్ క్లబ్బులో ఏం వినాలి, ఎక్కడ కూర్చోవాలి

నెల్లూరులో లైవ్ మ్యూజిక్ అనగానే గుర్తొచ్చేది ఆర్కెస్ట్రా. బాలు గారి పాటలతో స్వరాంజలి, పెళ్లి రిసెప్షన్లో ట్రాక్ పెట్టుకుని పాడే జంట, తిరునాళ్లలో అర్ధరాత్రి దాకా సాగే పాటకచేరి. మాగుంట లేఅవుట్ దగ్గరి క్లబ్బు హాల్లో శనివారాలు సాయంత్రం ఏడున్నరకి మొదలయ్యేది వీటిలో ఏదీ కాదు. అది జాజ్, ఒక వరుసని పట్టుకుని అప్పటికప్పుడు అల్లుతూ వాయించే పాశ్చాత్య సంగీతం. పాడేవాళ్లు ఉండరు, ట్రాక్ ఉండదు. ట్రంపెట్, ఆల్టో శాక్సొఫోన్, కీబోర్డు, బేస్ గిటార్, డ్రమ్స్ అంతే. మెంబర్లకి ఉచితం, బయటివాళ్లకి 150 రూపాయలు. ఆ డబ్బుకి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి వాయిద్య సంగీతం దొరకదు. కాకపోతే సరైన చోట కూర్చుని, సరైన దానికి చెవి పెట్టాలి. లేకపోతే మొదటి అరగంట అంతా ఒకే పాటలా వినిపించి, ఇంటర్వెల్‌కి లేచి వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయేవాళ్లు ప్రతి వారం కనిపిస్తారు. వాళ్లు ఆగి వినాలన్న ఆశతోనే ఈ సమీక్ష ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంత చిన్న ఊళ్లో జాజ్ వాయించేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారని చాలామందికి అనుమానం. ఎక్కడి నుంచో రాలేదు, ఇక్కడివాళ్లే. ట్రంపెట్, శాక్సొఫోన్ ఊదేవాళ్లు బ్యాండ్ మేళం నుంచి వచ్చారు. కీబోర్డు, డ్రమ్స్ వాయించేవాళ్లు చర్చి క్వయర్ నుంచి. బాప్టిస్టు మిషన్ నెల్లూరులో అడుగుపెట్టింది 1840లో. అప్పటి నుంచి ఇక్కడి చర్చిల్లో కీర్తనలు నాలుగు గొంతులు నాలుగు స్వరాల్లో కలిపి పాడటం ఉంది. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకి రాగం మీద ఎంత పట్టు ఉన్నా, మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగితే అవి ఎటు కదులుతాయో పట్టుకోవడం కొత్త. చర్చిలో పెరిగినవాళ్లకి అది చిన్నప్పుడే చెవిలో పడుతుంది. ఇక బ్యాండ్ మేళం వాళ్లకి ఊపిరి ఉంది. మైకు లేకుండా, ఊరేగింపులో నడుస్తూ, టపాకాయల మధ్య రెండు మూడు గంటలు ఊదగలిగిన పెదవులవి. ఈ రెండు చదువులూ ఒక హాల్లో కలవడమే ఈ క్లబ్బు చేసిన గొప్ప పని.

ఇబ్బంది కూడా అక్కడి నుంచే వస్తుంది. వీధిలో ఊదిన అలవాటు వల్ల చిన్న హాల్లో ట్రంపెట్ గోడలు పగలగొట్టేలా మోగుతుంది. అందుకే నెమ్మది పాటల్లో ట్రంపెట్ ఊదే ఆయన దాని గంటలోకి, అంటే ముందున్న గరాటులాంటి భాగంలోకి, శబ్దం తగ్గించే అల్యూమినియం మ్యూట్ దూరుస్తాడు. దాని మెడ చుట్టూ కార్కు పట్టీ ఉంటుంది కాబట్టి గాలంతా మ్యూట్‌లోంచే పోవాలి. శబ్దం సన్నబడి, లోహపు గుసగుసలా మారుతుంది. ఆ మ్యూట్ పెట్టినప్పుడు మైకు ట్రంపెట్ గంటకి రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి. మ్యూట్ తీయగానే రెండడుగులు వెనక్కి జరగాలి. ఈ ముందుకూ వెనక్కీ జరగడం ఆయనకి ఇప్పుడు చక్కగా కుదిరింది. మ్యూట్ మీద ఆయన వాయించే నెమ్మది పాట ఒక్కటి చాలు, టికెట్ డబ్బు వచ్చేసినట్టే.

హాలు విషయానికొస్తే, అది సంగీతం కోసం కట్టింది కాదు. కింద గ్రానైట్, పైన చదును శ్లాబు, రెండు వైపులా కిటికీలు. ఖాళీగా ఉన్నప్పుడు చప్పట్లు కొడితే శబ్దం తిరిగి వస్తుంది. వేదిక వెనక గోడకి మందపాటి తెరలు కట్టి, ముందు జంపఖానా పరిచారు. దానితో డ్రమ్స్ గోల చాలా వరకు తగ్గింది. జనం నిండితే మనుషులే మిగతా శబ్దాన్ని పీల్చుకుంటారు. కాబట్టి నలభై మందికి మించి వచ్చిన రాత్రి సౌండు బాగుంటుంది, పది పదిహేను మందే ఉన్న రాత్రి డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాల (సింబల్స్) మోత చెవుల్లో గీరుతుంది.

మూడో వరుస, వేదికకి ఎదురుగా కాస్త ఎడమ వైపు కూర్చోండి. మొదటి వరుసలో డ్రమ్స్ తప్ప ఇంకేమీ వినపడదు. కుడి వైపు గోడ మూలన బేస్ యాంప్లిఫయర్ ఉంది. మూలకి దగ్గరగా పెట్టిన ఏ స్పీకరైనా రెండు గోడల నుంచీ, నేల నుంచీ తిరగబడి కింది శబ్దాన్ని ఉబ్బిస్తుంది. ఆ వైపు కూర్చుంటే బేస్ స్వరాలు విడివిడిగా కాకుండా ఒకటే గుమ్మని వినిపిస్తాయి. యాంప్లిఫయర్‌ని గోడకి రెండడుగులు ముందుకి లాగి, అడుగు ఎత్తు బల్ల మీద పెడితే సగం సమస్య తీరుతుంది. ఖర్చు లేని పని. క్లబ్బు వాళ్లు ఇది చేస్తే బాగుంటుంది, ఎందుకంటే జాజ్‌లో మిగతావాళ్లందరూ నిలబడేది బేస్ మీదే.

ఫ్యాన్ కింద కుర్చీ మాత్రం వద్దు. గాలి బాగుంటుంది, నిజమే. కానీ తిరిగే రెక్కలు శబ్దాన్ని కోస్తాయి. శాక్సొఫోన్ ఒకే స్వరం నిలబెట్టినప్పుడు ఫ్యాన్ కింద అది వణికినట్టు వినిపిస్తుంది. వేదిక మీది రెండు ఫ్యాన్లూ ఆపేసి, పక్కన గోడ ఫ్యాన్లు పెట్టారు. ఇది తెలిసినవాళ్లు చేసిన పని.

సౌండ్ సిస్టమ్ గురించి రెండు మాటలు. మొదట్లో పెళ్లిళ్లకి వచ్చే సౌండ్ వాళ్లే ఇక్కడా పనిచేసేవారు, అలవాటు కొద్దీ అన్నిటికీ ఎకో పెట్టేవారు. పాటకి ఎకో కొంతవరకు నప్పుతుంది. గబగబా వచ్చే శాక్సొఫోన్ స్వరాలకి ఎకో పెడితే ఒకదాని మీద ఒకటి పడి బురదవుతుంది. ఇప్పుడు ఎకో పూర్తిగా తీసేశారు. డ్రమ్స్‌కి మైకులే లేవు, ఈ సైజు హాలుకి అవసరం లేదు. కొమ్ములకి, అంటే ట్రంపెట్, శాక్సొఫోన్‌లకి, చెరొక మైకు, కీబోర్డుకి ఒక లైను. అంతే. దయచేసి దీన్ని పెంచొద్దు. వచ్చేవాళ్లు పెరిగారని పెద్ద స్పీకర్లు తెస్తే, ఈ కచేరీకి ఉన్న అసలు విలువ పోతుంది. వాయించేవాళ్లు ఒకరినొకరు చెవులతో వింటూ ఎక్కువ తక్కువలు సర్దుకోవడమే ఇక్కడి ఆట. దాన్ని మిక్సర్ ముందు కూర్చున్న మనిషి చేతికి అప్పగించకూడదు.

ఇక వినడం. తాళం వేయడం తెలిసినవాళ్లకి జాజ్ చాలా త్వరగా అందుతుంది. బ్లూస్ అనే రకం పాటలో ఒక చుట్టు 12 బార్లు, బారుకి 4 దెబ్బలు, మొత్తం 48. అంటే ఎనిమిది దెబ్బల ఆదితాళం 6 ఆవర్తనాలు. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక చుట్టు 24 సెకన్లలో అయిపోతుంది. ఇంకో రకం పాటలు 32 బార్లవి. ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు, వాటిలో మొదటి రెండూ చివరిదీ ఒకే వరుస, మూడోది వేరు. ఒక్కో ముక్క ఆదితాళం 4 ఆవర్తనాలు. అందరూ కలిసి వరుసని ఒకసారి వాయిస్తారు, దాన్ని హెడ్ అంటారు. తర్వాత ఒక్కొక్కరు అదే చుట్టు మీద సొంతంగా అల్లుతారు, అది సోలో. చివర్లో మళ్లీ హెడ్. వేలి మీద ఆవర్తనాలు లెక్కపెట్టుకుంటూ వినండి. శాక్సొఫోన్ ఎంత దూరం వెళ్లినా చుట్టు ఎక్కడుందో మీకు తెలుస్తుంటుంది, అతను సరిగ్గా చోటుకి దిగినప్పుడు కల్పనస్వరాలు ఎడుపుకి, అంటే పాట ఎత్తుకునే చోటుకి, వచ్చి పడ్డంత సంతోషం కలుగుతుంది.

ఊపు సంగతి. స్వింగ్ అనేది తిశ్ర నడకకి దగ్గర. ఒక దెబ్బని తకిట అని మూడుగా విడగొట్టి, మధ్యలో ఉన్న కి పలకకుండా వదిలేస్తే త...ట, త...ట అని వచ్చేది స్వింగ్. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు ముక్కలూ సమానమవుతూ వస్తాయి. డ్రమ్స్ వాయించే అబ్బాయి కుడి చేత్తో పెద్ద సింబల్ మీద దీన్ని నడుపుతాడు, ఎడమ కాలితో రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ హై-హ్యాట్ అనే జంట సింబల్స్‌ని మూస్తాడు. చర్చి పాటలకీ సినిమా పాటలకీ బేస్ డ్రమ్‌ని గట్టిగా తన్నడం అలవాటు. ఇక్కడ కాలితో ఈక తగిలినంత మెల్లగా ఆనించాలి, లేకపోతే బేస్ గిటార్ మునిగిపోతుంది. అతను ఈ తేడా పట్టుకున్నాడు. నెమ్మది పాటల్లో బ్రష్షులు పట్టి స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద గుండ్రంగా రుద్దుతుంటే చూడండి, ఒక చేయి ఆగకుండా వృత్తం గీస్తుంటే ఇంకో చేయి దెబ్బ పెడుతుంది. ఒక్కటే లోపం. బేస్ కొన్ని స్వరాలు వాయించినప్పుడు స్నేర్ అడుగున ఉన్న తీగలు వాటంతట అవే జరజరమంటాయి. పక్కనున్న మీట దించితే తీగలు వదులై ఆగిపోతాయి. బేస్ సోలో వచ్చినప్పుడల్లా ఆ మీట దించడం అతను కొన్నిసార్లు మర్చిపోతాడు.

కార్డ్‌ల, అంటే ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల గుంపుల, కదలిక అర్థం కావాలంటే గ్రహభేదం గుర్తు తెచ్చుకోండి. జాజ్‌లో అడుగడుగునా వచ్చే మూడు కార్డ్‌ల వరుస ఒకటుంది, స్కేల్లో రెండోది, ఐదోది, ఒకటోది. శంకరాభరణం స్వరాలే తీసుకుని రిషభం మీద నిలబడితే ఖరహరప్రియ, పంచమం మీద నిలబడితే హరికాంభోజి, షడ్జానికి దిగితే శంకరాభరణం. స్వరాలు మారవు, ఆధారం మారుతుంది. మన కచేరీల్లో అపురూపంగా, ప్రత్యేకంగా చేసి చూపించే పనిని వీళ్లు రెండేసి బార్లకోసారి చేస్తూ పోతారు. షడ్జం కదలకుండా శృతి పెట్టె మోగే సంగీతానికి అలవాటైన చెవికి మొదట కాళ్ల కింద నేల జరిగినట్టుంటుంది. బేస్‌ని పట్టుకోండి. ఆధారం ఎటు మారిందో చెప్పేది అదే.

బ్లూస్ గాంధారం ఇంకా రుచి. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో ఎక్కడో పలుకుతుంది. ట్రంపెట్, శాక్సొఫోన్ పెదవితో దాన్ని జారుగా అందుకుంటాయి. కీబోర్డుకి ఆ వెసులుబాటు లేదు కాబట్టి రెండు గాంధారాల మెట్లనీ దాదాపు ఒకేసారి నొక్కి, కిందిదాన్ని వెంటనే వదిలేస్తారు. జాగ్రత్తగా వింటే ఆ చిన్న గీరుడు తెలుస్తుంది. శుద్ధధన్యాసి బాగా తెలిసినవాళ్లకి బ్లూస్ సోలోలు సగం సొంత ఊరిలాగే ఉంటాయి.

శృతి ఎక్కువగా బి-ఫ్లాట్‌లో, అంటే ఆరున్నరలో ఉంటుంది. కారణం సులువు. ట్రంపెట్ పుట్టుకే ఆ శృతిలో, ఆల్టో శాక్సొఫోన్ ఇ-ఫ్లాట్‌లో. అందుకే ఫ్లాట్ శృతులు వాళ్ల వేళ్లకి హాయి. కీబోర్డు ఆయన ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోకుండా ఏ శృతికి ఆ శృతే వాయిస్తాడు. అన్నిటినీ సి-లోనే వాయించి బటన్‌తో మార్చుకునే అలవాటు ఉన్నవాళ్లు జాజ్ బృందంలో ఇబ్బంది పడతారు. పక్కవాడు కార్డ్ పేరు అరిచి చెబితే, వీళ్ల మెట్ల మీద అది వేరే చోట ఉంటుంది. ఇంకో మంచి విషయం, ఎడమ చేత్తో కింది స్వరాలు నొక్కడు. ఆ చోటు బేస్‌కి వదిలేసి, మధ్య స్థాయిలోనే మూడు నాలుగు స్వరాలతో సరిపెడతాడు.

మా ఊరి వాతావరణం ఈ వాయిద్యాలకి పరీక్షే. కొమ్ముల్లోకి వెళ్లే గాలి వేడెక్కితే శృతి పైకి పోతుంది, కీబోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మే నెలలో రెండో భాగానికి వచ్చేసరికి తేడా స్పష్టంగా వినపడుతుంది. అప్పుడు ట్రంపెట్ ట్యూనింగ్ స్లైడ్ కాస్త బయటికి లాగాలి, శాక్సొఫోన్ మూతి ముక్కని కార్కు మీద బయటి వైపుకి జరపాలి. ఇంటర్వెల్ తర్వాత వాళ్లు చేసే మొదటి పని అదే. వడగాలి రోజుల్లో శాక్సొఫోన్ మూతికి బిగించే పల్చటి రేకు, అంటే రీడు, పాట పాటకీ మధ్యే ఆరిపోయి, కొస వంకరపోయి కీచుమంటుంది. అందుకే సోలో లేనప్పుడు రీడుని నోట్లోనే తడిగా ఉంచుతారు. కార్తీకం వానల్లో కథ తిరగబడుతుంది. శాక్సొఫోన్ తోలు ప్యాడ్‌లు తేమకి రంధ్రాలకి అతుక్కుంటాయి, ముఖ్యంగా జి-షార్ప్ మీట. నొక్కినా లేవదు, స్వరం తప్పు పడుతుంది. పల్చటి కాగితం ప్యాడ్ కింద పెట్టి మూసి మెల్లగా లాగితే తడి పోతుంది. వేదిక మీద ఆయన అలా కాగితం లాగుతుంటే విసుక్కోకండి, తర్వాతి పాట శుద్ధంగా రావడానికే ఆ రెండు నిమిషాలు.

చప్పట్ల విషయంలో జనానికి ఒక విన్నపం. భజనలో లాగా ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ కొట్టకండి. డ్రమ్స్ బరువంతా రెండు, నాలుగు మీద ఉంటుంది. హాలు మొత్తం ఎదురు దెబ్బ కొడితే బ్యాండ్ నడక లాగేసినట్టవుతుంది. కొట్టాలనిపిస్తే రెండుకీ నాలుగుకీ కొట్టండి, లేదా ఊరుకోండి. ప్రతి సోలో అయిపోగానే, పాట మధ్యలోనే చప్పట్లు కొట్టడం మర్యాద. సినిమా పాట వాయించమని చీటీలు పంపొద్దు. రెండో భాగంలో ఒక పాత తెలుగు పాట వరుసని జాజ్ పద్ధతిలో ఎలాగూ వాయిస్తారు. పల్లవి మాత్రమే గుర్తుపట్టేలా ఉంటుంది, ఆ తర్వాత అది వాళ్లది.

దాదాపు ప్రతి వారం వినిపించేది 'టేక్ ఫైవ్'. అమెరికా జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం 1958లో మన దేశంలో కచేరీలు చేసి వెళ్లింది. మరుసటి ఏడు వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లోదీ పాట. రాసింది అందులో శాక్సొఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. ఐదు దెబ్బల తాళం అనగానే మనవాళ్లు ఖండచాపు వేస్తారు, రెండు మూడు, రెండు మూడు అని. వేసిన పది సెకన్లకే తప్పుతుంది. ఈ పాట మూడు, రెండుగా నడుస్తుంది. తకిట తక అనుకుంటూ వేయండి, చివరి దాకా కలిసి వెళ్తారు.

ఎనిమిదీ ఇరవైకి ఇంటర్వెల్. క్యాంటీన్లో పులిబొంగరాలు, ఎర్ర కారం, టీ. పులిబొంగరాలు ఇంటర్వెల్ మొదలైన ఐదు నిమిషాల్లోపు తీసుకుంటే వేడిగా, పైన కరకరలాడుతూ ఉంటాయి. తర్వాత వేసేవి ముందే తీసి పెట్టినవి, చల్లారి సాగుతాయి. రెండో భాగం మొదలయ్యాక కూడా లోపల స్టీలు ప్లేట్లు కడగడం ఆపరు. సరిగ్గా నెమ్మది పాట అప్పుడే ఉంటుంది. ఇది క్లబ్బు వాళ్లు తప్పక సరిచేయాలి. కరెంటు పోతే జనరేటర్ ఎక్కేలోపు కీబోర్డు ఆగిపోయి, మళ్లీ లేచేసరికి శబ్దాల సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ఒక చిన్న యూపీఎస్ చాలు.

చివరి అరగంట బయటి నుంచి వచ్చి వాయించాలనుకునేవాళ్లకి. ఏడింటికే వచ్చి పేరు చెప్పుకోవాలి. సైగలు ముందే తెలుసుకుని ఎక్కండి. వేళ్లు పైకి చూపితే షార్ప్‌లు, కిందికి చూపితే ఫ్లాట్‌లు, ఎన్ని వేళ్లయితే అన్ని. బి-ఫ్లాట్‌కి రెండు వేళ్లు కిందికి. నాయకుడు తల తట్టుకుంటే హెడ్‌కి తిరిగి వెళ్లాలని. నాలుగు వేళ్లు చూపితే నాలుగేసి బార్లు డ్రమ్స్‌తో మార్చి మార్చి వాయించాలని, తని ఆవర్తనంలో కొరపు లాగా. పిడికిలి బిగిస్తే ముగింపు. సోలో రెండు చుట్లు దాటనీయకండి. వయొలిన్ వాళ్లు ధైర్యంగా రావచ్చు, బాగా నప్పుతుంది. మృదంగం వాళ్లు బ్లూస్ వరకే ఒప్పుకోవడం మంచిది. కుడి వైపు ఒక్క శృతికి కట్టిన వాయిద్యం కాబట్టి, ఆధారం మారే పాటల్లో ఆ నాదం కార్డ్‌లతో కొట్లాడుతుంది. కంజీరా తెస్తే ఆ గొడవ లేదు.

తొమ్మిదీ నలభై అయిదుకి ఆపేస్తారు. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం రాత్రి పది తర్వాత స్పీకర్లు కుదరవు. మూసిన హాళ్లకి మినహాయింపు ఉంది గానీ, ఇక్కడ కిటికీలు తెరిచే ఉంటాయి, చుట్టూ ఇళ్లు.

ఏ శనివారం వెళ్లాలన్నది పంచాంగం చూసి తేల్చుకోండి. గట్టి ముహూర్తాలున్న శ్రావణం, మాఘం, వైశాఖం శనివారాల్లో ట్రంపెట్, శాక్సొఫోన్ వాళ్లు పెళ్లి ఊరేగింపుల్లో ఉంటారు. డిసెంబర్లో క్రిస్మస్ కార్యక్రమాలతో కీబోర్డు, డ్రమ్స్ వాళ్లకి తీరిక ఉండదు. ఐదుగురినీ వినాలంటే ఆషాఢం, భాద్రపదం. రొట్టెల పండగ వారంలో మాత్రం ఊళ్లోకి రావడమే కష్టం, ఆరున్నరకే బయల్దేరాలి. కొమ్ములు లేని రోజు ముగ్గురే వాయిస్తారు, టికెట్ ధర తగ్గించరు. అయినా ఆ రోజు బేస్‌కి మామూలుగా దొరకని పెద్ద సోలోలు దొరుకుతాయి. బేస్ ఇష్టమైనవాళ్లు ఆ రోజే రావాలి, అప్పుడు మాత్రం మొదటి వరుసలోనే కూర్చోవచ్చు.